నోలీన్‌కి చదివి వినిపించినవి

మార్చి 3, ఆదివారం

నిన్న క్లబ్ మ్యాచ్‌లో నోలీన్ నన్ను ఓడించింది. ఆడవాళ్ళలో అది మొదటిది, నేను రెండోదాన్ని. అది పిస్టల్ పట్టుకున్నది మొన్న అక్టోబరులో. నేను పట్టుకుని పదకొండేళ్ళు.

చెల్లెలు గెలిస్తే నాకు సంతోషమే. ఈ మాట నిన్నటి నుంచి కనీసం ఆరుగురితో అన్నాను.

ఇవాళ చర్చిలోనూ అదే గోల. మాతోపాటు క్లబ్బులో కాల్చే ట్రూడీ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "మీ చెల్లిది భలే చెయ్యి ఆర్డిస్! అసలు వణకదు కదా!" అంది. ఎందుకు వణుకుతుంది? ఇరవై రెండేళ్ళుగా పశువుల సంతలో ఎద్దుల మధ్య మసలిన చెయ్యి. స్కూల్ ఆఫీసులో కాగితాలు తిప్పే చెయ్యి నాది, అది వేరు.

మ్యాచ్ అయ్యాక డోయల్ నన్ను పక్కకి పిలిచాడు. క్లబ్ నడిపేది ఆయనే, టైమర్ పట్టుకుని తప్పులు పట్టేదీ ఆయనే. "మే పద్దెనిమిదిన రాష్ట్రం మ్యాచ్. అక్కణ్ణించి జాతీయ పోటీలకి ఆడవాళ్ళకి ఒక్కటే చోటు. తెలుసుగా?" అన్నాడు. నాకు తెలియకపోవడమేమిటి! ఆ ఒక్క చోటు కోసమే కదా పదకొండేళ్ళ నుంచి ఎండలో మాడుతున్నాను. రెండుసార్లు అందినట్టే అంది జారిపోయింది.

"నోలీన్‌కి కాల్చడం వచ్చింది, నిబంధనలు రాలేదు. పుస్తకం తనంతట తను చదువుకోలేదు కదా. నువ్వు చదివి వినిపించమ్మా. ఆ పుస్తకం నీకంటే బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు.

నిజమే, చదువుకోలేదు. కాగితం మీద అక్షరాలు కదిలిపోతాయంటుంది. ఒకటో తరగతి నుంచి దానికి కళ్ళు నేనే. లెక్కల పుస్తకం, మందు సీసా మీది చీటీ, పెళ్ళినాటి ప్రమాణం, ఆ పెళ్ళి తాలూకు విడాకుల కాగితాలు, అన్నీ నేనే చదివి పెట్టాను. దానికిప్పుడు నలభై తొమ్మిది, నాకు యాభై నాలుగు. ఇంకా చదువుతూనే ఉన్నాను.

సరే అన్నాను.

మార్చి 5, మంగళవారం

మధ్యాహ్నం నా భోజనం వేళకి నోలీన్ ట్రక్కు స్కూల్ పార్కింగులోకి వచ్చింది. క్యాబేజీ, మాంసం కూరిన రొట్టెలు రెండు తెచ్చింది. అది తింటూ వినడం, నేను తినకుండా చదవడం.

పాయింట్ల అధ్యాయం చదివాను. అయిపోగానే రొట్టె నోట్లో పెట్టుకునే అప్పజెప్పింది.

"గోధుమరంగు అట్టబొమ్మ. గుండె దగ్గర కొడితే అయిదు, పక్కన తగిలితే మూడు, ఇంకా అవతలికి పోతే ఒకటి. అంతేనా అక్కా?"

"అంతే. అసలు తగలకపోతే పది పోతాయి. తెల్ల బొమ్మని కొట్టకూడదు. కొడితే అదీ పదే."

"ఓహో! దొంగని వదిలేసినా పదే, పక్కింటివాణ్ణి కొట్టినా పదే! మా సంతలో న్యాయం కంటే నయం."

"వేళాకోళం తర్వాత. వచ్చిన పాయింట్లని పట్టిన సెకన్లతో భాగిస్తారు. ఎవరికి ఎక్కువొస్తే వాళ్ళు పైన."

"అంటే నింపాదిగా గుండెలోనే కొట్టే బుద్ధిమంతుడూ ఓడిపోతాడు, గబగబా గాల్లోకి కొట్టే తొందరగాడూ ఓడిపోతాడు."

"మరి గెలిచేదెవరే?"

"నేను!" అని పకపకా నవ్వింది. పిండి తునకలు పుస్తకం మీద పడ్డాయి.

ఒక్కసారి వింటే చాలు దానికి. సంతరోజున రెండు వందల పశువుల బరువులు, ఏది ఎవరిదో, కాగితం లేకుండా మైకులో గడగడా చెప్పేస్తుంది. నేనీ అధ్యాయం మూడేళ్ళు చదివితే గాని బుర్రకెక్కలేదు.

మార్చి 16, శనివారం

ప్రాక్టీసులో అందరి ముందూ నోలీన్ అంది: "అక్కా, ఒక చోటు నుంచి ఇంకో చోటికి పరిగెత్తేటప్పుడు నీ వేలు ట్రిగ్గర్ మీదే ఉంది. బయటికి పెట్టాలని జాగ్రత్తల అధ్యాయంలో నువ్వే చదివావుగా!"

డోయల్ విరగబడి నవ్వాడు. "శిష్యురాలు పంతులమ్మని పట్టేసిందిరోయ్!" ట్రూడీ చప్పట్లు కొట్టింది.

నా వేలు ట్రిగ్గర్ మీద లేదు. బయటే ఉంది. దాదాపు బయటే ఉంది.

మార్చి 23, శనివారం

నోలీన్ నడుముకి కట్టుకునే తుపాకి ఒర విరిగింది. కొత్తది తెప్పించుకోవడానికి నెల పడుతుందట. అటకమీద నా పాత ఒర ఉంటే ఇచ్చాను. మెడ పట్టుకుని ముద్దు పెట్టుకుంది, చెమట కంపు.

ఆ ఒరలో తుపాకిని పట్టి ఉంచే తాళం మీట కొంచెం వదులు. వంగితే విడిపోతుంది. చెప్పాలి.

ఏప్రిల్ 2, మంగళవారం

పదో అధ్యాయం. డీక్యూలు. అంటే ఆ రోజుకి తుపాకి సంచిలో పెట్టేసి, ఇక కాల్చకుండా ఊరుకోవాల్సిన తప్పులు. పుస్తకం మొత్తంలో నాకు ఇష్టమైన అధ్యాయం ఇదే. ఇందులో జాలి ఉండదు.

కాలుస్తున్నప్పుడు తుపాకి మూతి నూట ఎనభై డిగ్రీల గీత దాటి వెనక్కి తిరిగితే పోయినట్టే. కదిలేటప్పుడు వేలు లోపల ఉంటే పోయినట్టే. కాల్చే వంతులో తుపాకి చెయ్యి జారితే పోయినట్టే. నోలీన్ ఒక్కోదానికీ వేలు మడుస్తూ వింది.

"సేఫ్ ఏరియా అని ఒక బల్ల ఉంటుంది చూడు. అక్కడ తుపాకి ముట్టుకోవచ్చు, తూటా ముట్టుకోకూడదు. బయట తూటా ముట్టుకోవచ్చు, తుపాకి ముట్టుకోకూడదు. అర్థమైందా?"

"అయింది. నా మొగుడితో కాపురంలా ఉంది. దగ్గరున్నప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడాలంటే దగ్గరుండకూడదు."

నాకూ నవ్వొచ్చింది. నవ్వకుండా పేజీ తిప్పాను.

ఆ పేజీలో పడిపోయిన తుపాకి సంగతి ఉంది. కాల్చే వంతు కానప్పుడు, ఊరికే అటూ ఇటూ తిరుగుతుంటే, ఖాళీ తుపాకి ఒరలోంచి జారి పడిపోతే అది తప్పు కాదు. కానీ పడేసుకున్నవాళ్ళు దాన్ని తియ్యకూడదు. అక్కడే నిలబడి, టైమర్ పట్టుకునే ఆఫీసర్ని పిలవాలి. ఆయన వచ్చి, తీసి, ఖాళీయో కాదో చూసి, ఒరలో పెడతాడు. మనమే వంగి తీశామా, ఇంటికే. ఏళ్ళ తరబడి కాలుస్తున్నవాళ్ళు కూడా ఇక్కడ బోల్తా పడతారు. కింద పడ్డదాన్ని తియ్యడం చేతికి అలవాటు కదా, బుర్రని అడగదు.

సరిగ్గా అక్కడికి వచ్చేసరికి నా గొంతు పట్టేసింది. సీసాలో నీళ్ళు అయిపోయాయి. ఇంకో పేజీ తిప్పి తర్వాతది అందుకున్నాను.

ఆ ఒక్కటీ గురువారం చదువుతాను.

ఏప్రిల్ 4, గురువారం

పదకొండో అధ్యాయం మొదలుపెట్టాం. ఫిర్యాదులు, అప్పీళ్ళు.

ఏప్రిల్ 9, మంగళవారం

పుస్తకం పూర్తి. నోలీన్ దాల్చినచెక్క రోల్ తెచ్చింది, పెద్దది, నా ఒక్కదానికే.

"ఏదీ మిగల్లేదుగా అక్కా?"

"ఏదీ మిగల్లేదు."

"నువ్వు లేకపోతే నేనేమైపోదునో!" అంది. ఇది ఒకటో తరగతి నుంచి వింటున్నాను.

ఏప్రిల్ 13, శనివారం

మళ్ళీ అదే గెలిచింది. ఈసారి తేడా ఇంకా ఎక్కువ. డోయల్ నా భుజం తట్టి, "అంతా నువ్వు నేర్పిన చలవే" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నేను నేర్పినదానితో నేనెందుకు గెలవడం లేదో ఎవరూ అడగరు.

చిన్నప్పుడు అమ్మ నన్ను ఆటకి పంపేది కాదు. చెల్లి పాఠం అయ్యాకే వెళ్ళమనేది. దాని పాఠం అయ్యేసరికి ఆట అయిపోయేది. ఇది ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఏప్రిల్ 27, శనివారం

చెప్పాలి.

మే 9, గురువారం

కొత్త ఒర ఇంకా రాలేదట. "నీ ఒరే అచ్చొచ్చింది, ఇదే ఉంచేసుకుంటా" అంది. ఉంచుకోమన్నాను.

మే 17, శుక్రవారం

నోలీన్ ఫోన్ చేసింది. రేపు వాన పడుతుందా, కోటు తెచ్చుకోవాలా అని. తెచ్చుకోమన్నాను. కడుపునిండా తిని రమ్మన్నాను. తడి నేలమీద మలుపు దగ్గర జారకుండా చూసుకోమన్నాను. పదిహేను నిమిషాలు మాట్లాడాను, ఏ అక్క చెబుతుంది ఇన్ని జాగ్రత్తలు? మిగతాది అది అడగలేదు కూడా.

మే 18, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరు స్టేజీలు, ఒక్కో చోట ఒక్కో వరస బొమ్మలు. నోలీన్, ట్రూడీ, నేను ఒకే గుంపులో పడ్డాం. నాలుగు స్టేజీలయ్యేసరికి ఆడవాళ్ళలో నోలీన్ పైన, దాని కింద నేను. తేడా మామూలుది కాదు. మిగతా రెంటిలో అది కళ్ళు మూసుకుని కాల్చినా చాలు.

అయిదో స్టేజీకి టైమర్ పట్టుకున్నది డోయల్. నోలీన్ కాల్చింది. పొద్దున్న కురిసిన వానకి నేలంతా బురద, అయినా తలుపులోంచి దూరి, మోకాలిమీద కూర్చుని, పాకుతూ, ఒక్కటీ తప్పకుండా కొట్టింది. డోయల్ తుపాకి ఖాళీ చేయించి, చూసి, ఒరలో పెట్టించాడు. "శభాష్ అమ్మాయ్!" అన్నాడు. అలా అనకూడదు ఆయన, ఆఫీసరు కదా.

తర్వాత మామూలే, అందరం వెళ్ళి బొమ్మల మీద చిల్లులకి గోధుమరంగు చీటీలు అంటించాలి, తర్వాతవాళ్ళ కోసం. నోలీన్ తన బొమ్మలకి తనే అంటిస్తానంది. ఆ చివర పొట్టి బొమ్మ ఉంది, దాని దగ్గర వంగింది. ఒర మీట విడిపోయింది. తుపాకి బురదలో పడింది.

నేను పక్క బొమ్మ దగ్గర ఉన్నాను. చెవులకి పేలుడు చప్పుడు ఆపే మఫ్‌లున్నాయి, కానీ మావి మాటల్ని లోపలికి వదిలేరకం. పడిన చప్పుడు వినిపించింది.

అది వెంటనే తియ్యలేదు. ఈ సంగతి ఇంకెవరికీ తెలియదు. అది ఆగింది. తల ఎత్తి నా వైపు చూసింది. క్లాసులో టీచరు నిలబెట్టి చదవమన్నప్పుడు కిటికీలోంచి నాకోసం వెతుక్కునే చూపు అది. "అక్కా?" అంది.

నా చేతిలో చీటీల చుట్ట ఉంది. చీటీ అంచు గోటికి దొరకడం లేదు. దాన్నే గీకుతూ ఉన్నాను.

అది వంగి తుపాకి తీసింది. జీన్స్‌కి బురద తుడిచింది. ఒరలో పెట్టుకుంది. ఇవతలి నుంచి డోయల్ "ముట్టుకోకు! ముట్టుకోకు!" అని కేకలేస్తూ పరిగెత్తుకొచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఆయాసం.

"ఏమైంది పెద్దాయనా? ఖాళీదే, ఇందాక నువ్వే చూశావుగా" అంది నోలీన్, నవ్వుతూనే.

"పడిపోవడం తప్పు కాదమ్మా. తియ్యడం తప్పు. నన్ను పిలవాలి. నీకు తెలియదా?"

నోలీన్ నా వైపు చూసింది. డోయల్ కూడా నా వైపే చూశాడు. "పక్కనే ఉన్నావుగా ఆర్డిస్. ఒక్క కేక వెయ్యకపోయావా?"

"నేను చూళ్ళేదు" అన్నాను.

డోయల్ టైమర్ జేబులో పెట్టుకున్నాడు. "నీ మ్యాచ్ అయిపోయిందమ్మా నోలీన్" అన్నాడు. నోలీన్ వాదించలేదు. "నిబంధన నిబంధనే కదా" అంది.

ఇంటికి పోయిందా అంటే పోలేదు. ఆరో స్టేజీలో నేను కాలుస్తుంటే అక్కడే నిలబడింది. కాల్చాక నా చిల్లులకి చీటీలు అంటించింది. "అన్నీ గుండెలోనే ఉన్నాయక్కా! అన్నీ గుండెలోనే!" అని ఒక్కో బొమ్మ దగ్గరా అరుస్తూ పోయింది. నా జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ కాల్చలేదు.

చోటు నాకొచ్చింది.

మే 19, ఆదివారం

గాలి హోరు. పైగా మఫ్‌లు. నేను అరిచినా దానికి వినిపించేది కాదు.

మే 23, గురువారం

నోలీన్ ట్రక్కు వచ్చింది. తినడానికేమీ తేలేదు.

"అదొక్కటీ నాకు చదివి పెట్టక్కా. కింద పడ్డదాని సంగతి. అసలేం రాశారో వింటాను" అంది.

చదివాను. తాపీగా, ఒక్క మాట వదలకుండా, చుక్క దగ్గర ఆగుతూ. స్కూల్లో ప్రకటనలు చదివినట్టు చదివాను. అది కళ్ళు మూసుకుని వింది. అయిపోయాక పెదాలు కదుపుతూ మొత్తం అప్పజెప్పుకుంది, ఒక్క తప్పు లేదు.

"ఇది ముందు నాకు చదివావా నువ్వు?"

కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే నేను వేరేగా చెప్పేదాన్నేమో. నిజంగా తెలియక అడిగింది.

"చదివాను."

"ఎప్పుడు?"

"ఏప్రిల్ రెండున. పదో అధ్యాయంలో."

"నీ మొగుడి జోకు వేశాను, ఆ రోజేగా? కాదు, నా మొగుడి జోకు." అది నుదురు రుద్దుకుంది. "అది గుర్తుంది. సేఫ్ ఏరియా గుర్తుంది. ఇది ఒక్క ముక్క కూడా లేదక్కా. విన్నట్టే లేదు."

"నీకన్నీ గుర్తుంటాయని ఎవరన్నారు? నలుగురూ పొగిడేసరికి నెత్తికెక్కింది. జోకుల మీద ఉన్న ధ్యాస వినడం మీద ఉంటే కదా!"

ఈ మాట అన్నది నేనే. నా గొంతే. అనేటప్పుడు లోపల హాయిగా ఉంది, రాయకపోతే అబద్ధమవుతుంది.

నోలీన్ స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. "కళ్ళు ఎలాగూ లేవు. చెవులున్నాయనుకున్నాను" అంది. తర్వాత ఏడ్చింది. విడాకులప్పుడు కూడా ఏడవలేదు. "అమ్మ అన్నదే నిజమక్కా. మట్టిబుర్రే."

అమ్మ ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ మీదికి పోట్లాటకి వెళ్ళినదాన్ని నేనొక్కదాన్నే. ఒకసారి దెబ్బలు కూడా తిన్నాను. ఇవాళ పోట్లాడలేదు. గంట మోగింది, ఆఫీసులోకి వెళ్ళిపోయాను.

జూన్ 1, శనివారం

నన్ను సాగనంపుతున్నట్టు క్లబ్‌లో భోజనాలు. పోటీలు సెప్టెంబరులో, ఇప్పుడే సంబరం. బీన్సూ మాంసం వేసి వండిన చిల్లీ, దాల్చినచెక్క రోల్స్. ట్రూడీ నా పేరు రాసి కాగితపు జెండా కట్టింది.

నోలీన్ లేచి నిలబడింది. "ఒక మాట చెప్పాలి. మా అక్క నాకోసం నెలరోజులు అన్నం మానేసి పుస్తకం మొత్తం చదివి పెట్టింది. ఆ నిబంధన కూడా చదివింది. నా బుర్రలోనే నిలవలేదు. తనకు తెలిసీ తను నేర్పలేదని ఎవరన్నా అనుకుంటే తప్పు. ఆ చోటు మొదటినుంచీ మా అక్కదే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. అది వచ్చి నన్ను కావలించుకుంది. ఈసారి చెమట కంపు లేదు, సబ్బుతో రుద్దుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చింది.

దాని తుపాకి డోయల్‌కి ఇచ్చేసిందట, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పనికొస్తుందని.

గిన్నెలు కడిగే చోట డోయల్ నా పక్కకి వచ్చాడు. "పదకొండేళ్ళలో నీ పక్కన జరిగింది నువ్వు చూడకపోవడం ఇదే మొదటిసారి ఆర్డిస్" అన్నాడు.

"వయసు మీద పడుతోంది కదా" అన్నాను.

ఆయన గిన్నె తుడిచి బోర్లించి వెళ్ళిపోయాడు. ఏం అనుకుంటే అనుకోనీ. చూళ్ళేదు అంటే చూళ్ళేదు.

జూన్ 13, గురువారం

ట్రూడీ చెప్పింది. నోలీన్ సంతలో మైకు దగ్గర పని వదిలేసిందట. బరువులు తప్పు చెబుతానేమోనని భయమట. ఒక్కో పశువుకీ కాటావాణ్ణి మూడేసిసార్లు అడుగుతోందట, వెనకాల జనం అరుస్తున్నారట. వెనక దొడ్డిలో పశువుల్ని తోలే పనిలో వెయ్యమని తనే బతిమాలిందట.

"ఒక్కటి కూడా తప్పు చెప్పలేదట ఆర్డిస్, ఇరవై రెండేళ్ళలో! ఏం పట్టింది దానికి? నువ్వొకసారి మాట్లాడు, నీ మాటైతే వింటుంది" అంది ట్రూడీ.

మాట్లాడతానన్నాను.

జూన్ 20, గురువారం

భోజనం వేళ పార్కింగులో ట్రక్కు లేదు. పోయిన వారమూ లేదు. కౌంటీ ఆఫీసు నుంచి దానికేదో ఉత్తరం వచ్చిందని విన్నాను, ఎవరిచేత చదివించుకుందో తెలియదు. నాలుగు వారాలుగా నన్ను ఏమీ చదవమనలేదు.

పుస్తకం తీసి పదో అధ్యాయం మళ్ళీ చూశాను. నా మనసు ఊరికే పీకుతోంది గాని, అందులో పీకవలసిందేమీ లేదు. ఆ రోజు గొంతు పట్టేసిన మాట నిజం. ఆగి, కాసిని నీళ్ళు తాగి, చదివాను. ఇప్పుడు బాగా గుర్తొస్తోంది. రెండుసార్లు చదివాను. "కింద పడితే ముట్టుకోకు, ఆఫీసర్ని పిలువు, అర్థమైందా?" అని అడిగాను కూడా.

నోలీన్ తల ఊపింది.